డీజిల్ ట్రక్కుకు సొంత ఇన్‌టేక్: పొదుపు ఎక్కడ, పట్టింపు ఎక్కడ

ఫోర్డ్ సూపర్ డ్యూటీ పికప్‌లలో 1999 నుంచి 2003 వరకు వచ్చిన 7.3 లీటర్ల పవర్‌స్ట్రోక్ డీజిల్ ఇంజిన్‌కు అమెరికాలో నేటికీ గిరాకీ తగ్గలేదు. వాటి యజమానులు ఇంటి షెడ్డులోనే బండి విప్పి బాగుచేసుకుంటారు, బరువైన ట్రైలర్లు లాగిస్తారు. వాళ్లలో చాలామంది ముందుగా చేయి పెట్టేది ఇంజిన్‌లోకి గాలి వెళ్లే దారి (ఇన్‌టేక్) మీద. కంపెనీ ఇచ్చిన ఫిల్టర్ పెట్టె తీసేసి, నాపా అనే విడిభాగాల దుకాణాల్లో 6637 నంబరుతో దొరికే పెద్ద కాగితపు ఫిల్టర్‌ను గొట్టానికి నేరుగా బిగిస్తారు. రెడీమేడ్ కిట్‌కు 300 నుంచి 400 డాలర్లు అవుతుంటే, ఈ పని 120 డాలర్ల దరిదాపుల్లో తేలిపోతుంది. ఈ ఖర్చుతో ఏం వస్తుంది, ఏం రాదు? ఇంజిన్ ఎంత గాలి పీలుస్తుందో తెలిస్తే జవాబు దొరుకుతుంది.

నిమిషానికి 16,700 లీటర్లు

ఇది ఫోర్ స్ట్రోక్ ఇంజిన్. రెండు చుట్లకు ఒకసారి సిలిండర్లన్నీ నిండుతాయి. 2,800 ఆర్‌పీఎం దగ్గర నిమిషానికి 1,400 సార్లు 7.3 లీటర్లు, అంటే 10,220 లీటర్లు. సిలిండర్లు 85 శాతం నిండుతాయనుకుంటే సుమారు 8,700. టర్బో 17 పీఎస్‌ఐ బూస్ట్ ఇస్తే, ఇంటర్‌కూలర్ దాటి 60 డిగ్రీల దగ్గర లోపలికి వెళ్లే గాలి బయటి గాలికంటే దాదాపు 1.9 రెట్లు చిక్కగా ఉంటుంది. కాబట్టి ఫిల్టర్ గుండా నిమిషానికి 16,700 లీటర్లు వెళ్లాలి. పొడవు, వెడల్పు, ఎత్తు పదేసి అడుగులున్న గదిలోని గాలంతా 1 నిమిషం 42 సెకన్లలో అయిపోతుంది.

ఇదే గాలి 3 అంగుళాల గొట్టంలో వెళ్తే వేగం సెకనుకు 61 మీటర్లు, గంటకు 220 కిలోమీటర్లు. 4 అంగుళాల గొట్టంలో 34 మీటర్లే. వేగం ఇంతగా తగ్గితే ప్రతి వంపు దగ్గరా పోయే ఒత్తిడి మూడో వంతుకు పడిపోతుంది. గొట్టం 4 అంగుళాలు ఉండాలని మెకానిక్‌లు పట్టుబట్టేది ఇందుకే. వంపులు తక్కువగా, గుండ్రంగా ఉంటే ఇంకా మంచిది.

పవర్ ఎంత పెరుగుతుంది?

గాలి దారిలోని అడ్డంకిని నీటిమట్టం అంగుళాల్లో కొలుస్తారు. సముద్రమట్టం దగ్గర వాతావరణ ఒత్తిడి 407 అంగుళాల నీటికి సమానం. టర్బో డీజిళ్లలో ఫిల్టర్ మార్చాల్సిన హద్దు సాధారణంగా 25 అంగుళాలు, అంటే 6 శాతం. కొత్త ఇన్‌టేక్‌తో అడ్డంకి 20 నుంచి 10 అంగుళాలకు తగ్గిందనుకుందాం. టర్బో మూతి దగ్గర ఒత్తిడిలో కలిసొచ్చేది 2.5 శాతం.

పవర్ అంత కూడా పెరగదు. డీజిల్ ఇంజిన్‌లో పెడల్ తొక్కితే ముందు పెరిగేది ఇంధనం. ఇంధనం అంతే ఉండి గాలి కాస్త పెరిగితే పొగ తగ్గుతుంది, ఎగ్జాస్ట్ వేడి కొద్దిగా దిగుతుంది, టర్బోకు శ్రమ తగ్గుతుంది. 250 హార్స్‌పవర్ ఇంజిన్ 300 కాదు.

గాలి ఎక్కణ్నుంచి వస్తుందన్నదీ అంతే ముఖ్యం. బయట 35 డిగ్రీలున్నప్పుడు బానెట్ కింద 60 డిగ్రీల గాలిని పీలిస్తే సాంద్రత 7.5 శాతం తగ్గుతుంది. తెరిచి పెట్టిన ఫిల్టర్‌కూ ఇంజిన్‌కూ మధ్య ఒక రేకు అడ్డు పెట్టి, ముందు గ్రిల్ వైపు నుంచి చల్లగాలి అందేలా చూడాలి. లేకపోతే గొట్టంతో సంపాదించిన 2.5 శాతానికి మూడు రెట్లు వేడిలో పోతుంది.

అసలు లెక్క దుమ్ముది

మంచి కాగితపు ఫిల్టర్ 99.9 శాతం దుమ్మును ఆపుతుంది. నూనె పూసిన నూలు ఫిల్టర్ 97 శాతమే ఆపిందనుకోండి. రెండూ దగ్గర దగ్గరే అనిపిస్తాయి, కానీ లోపలికి జారేది చూడాలి. మొదటిదాంట్లో 0.1 శాతం, రెండోదాంట్లో 3 శాతం, ముప్పై రెట్లు. దుమ్ములో ప్రధానంగా ఉండే క్వార్ట్జ్ ఇనుము కంటే గట్టిది. సుమారు లక్ష ఆర్‌పీఎంతో తిరిగే టర్బో కంప్రెసర్ రెక్కల అంచులను ముందు అరగదీస్తుంది, ఆపైన పిస్టన్ రింగులను.

ఇక జాయింట్లు. క్లాంపు కింద ఒక మిల్లీమీటరు వెడల్పు, రెండు సెంటీమీటర్ల పొడవు సందు ఉందనుకుందాం. టర్బో ముందు 10 అంగుళాల పీల్పు ఉంటే అందులోంచి నిమిషానికి దాదాపు 47 లీటర్ల గాలి వడపోత లేకుండా దూరుతుంది. మొత్తం గాలిలో అది 0.28 శాతం. కాగితం వదిలే దుమ్ము 0.1 శాతమైతే, ఈ సందు ఒక్కటే దానికి దాదాపు మూడింతలు తెస్తుంది. అరవై డాలర్ల ఫిల్టర్ పని మొత్తాన్ని రెండు డాలర్ల క్లాంపు చెడగొట్టగలదు.

అందుకే పెద్ద కాగితపు ఫిల్టర్ నాకు నచ్చుతుంది. కాగితం విస్తీర్ణం రెట్టింపైతే దాని గుండా గాలి వేగం సగమవుతుంది, అడ్డంకి సగమవుతుంది, నిండటానికి పట్టే కాలం రెట్టింపుకు మించుతుంది. గాలి సులువుగా రావాలంటే వడపోత తగ్గించుకోనక్కర్లేదు, ఫిల్టర్ సైజు పెంచితే చాలు.

120 డాలర్లు ఎలా పంచాలి

సుమారుగా ఫిల్టర్‌కు 60, నాలుగు పొరల సిలికాన్ జాయింటుకు 25, టీ-బోల్ట్ క్లాంపులకు 15, రేకుకూ బ్రాకెట్‌కూ 20. గొట్టానికి పెయింటు, క్రోమ్ మెరుపు ఈ లెక్కలో లేవు, అక్కర్లేదు కూడా. డ్రైనేజీ పీవీసీ గొట్టంతో సరిపెట్టేవాళ్లున్నారు. అది 80 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది, టర్బో పక్కన ఆ వేడి మామూలే. పలచటి రబ్బరు గొట్టమైతే పీల్పుకు లోపలికి నొక్కుకుపోతుంది. అల్యూమినియం గొట్టం కోస్తే అంచులు ఆకురాయితో నున్నగా చేసి, లోపల తడిగుడ్డతో తుడిచాకే బిగించాలి. చిన్న లోహపు పొట్టు చాలు, కంప్రెసర్ రెక్క పాడవడానికి. ఫిల్టర్ బరువు గొట్టం మీద వేలాడకుండా బ్రాకెట్ మోయాలి. వాన నీళ్లు పడే చోట దాన్ని పెట్టొద్దు. పాత పెట్టెకు ఉన్న సెన్సర్‌ను, క్రాంక్‌కేస్ గొట్టాన్ని కొత్తదారిలోకి తిరిగి కలపాలి. ఎయిర్‌ఫ్లో సెన్సర్ ఉన్న ట్రక్కులో గొట్టం వ్యాసం మారిస్తే రీడింగే తప్పుతుంది, కాబట్టి అక్కడ ఈ పని అంత తేలిక కాదు.

ఫలితం కొలవడానికి ఖరీదైన పరికరం వద్దు. మీటరు ఎత్తు చెక్కకు పారదర్శక గొట్టాన్ని ‘యు’ ఆకారంలో బిగించి, సగం వరకు రంగునీళ్లు పోయాలి. ఒక కొస ఫిల్టర్‌కూ టర్బోకూ మధ్య గొట్టానికి తగిలించి, రెండోది గాలికి వదలాలి. లోడుతో ఘాట్ ఎక్కేటప్పుడు పక్కన కూర్చున్న మనిషి రెండు మట్టాల తేడా చదవాలి. 25 సెంటీమీటర్లుంటే 10 అంగుళాలు, ఇబ్బంది లేదు. 63 దాటితే ఫిల్టర్ మార్చాలి. పాత పెట్టెతో ఒకసారి, కొత్తదానితో ఒకసారి చూస్తేనే తేడా తెలుస్తుంది.

చట్టం సంగతి

కాలిఫోర్నియాలో 14,000 పౌండ్ల లోపు బరువు తరగతి డీజిల్ బండి 1998 లేదా ఆ తర్వాతి మోడలైతే స్మాగ్ చెక్ అనే పొగ పరీక్ష తప్పదు. అక్కడి ఎయిర్ రిసోర్సెస్ బోర్డు అనుమతి నంబరు లేని ఇన్‌టేక్ కంటితో చూసి చేసే తనిఖీలోనే ఫెయిలవుతుంది. మన దగ్గర 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్, రిజిస్ట్రేషన్‌లోని కంపెనీ వివరాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని ఒప్పుకోదు. కాబట్టి చీమకుర్తి, కరీంనగర్ గ్రానైట్ క్వారీల్లో తిరిగే టిప్పర్లకు కంపెనీ పెట్టెనే సరిగా చూసుకోవడం మేలు. ఒరిజినల్ ఫిల్టర్ వేయాలి, మూత రబ్బరు చూడాలి, క్లాంపులు బిగించాలి. శుభ్రం చేయడానికని ఎయిర్ కంప్రెసర్‌తో ఫిల్టర్‌కు గట్టిగా గాలి కొట్టిస్తే కాగితం చిరగవచ్చు, చిరుగు కంటికి కనపడదు.

అమెరికాలో ఇన్‌టేక్ మార్చినా, ఇక్కడ కంపెనీ పెట్టెనే ఉంచినా చివరి పరీక్ష ఒకటే. కొన్ని వారాలు తిరిగాక టర్బో ముందు గొట్టం విప్పి, తెల్లగుడ్డతో లోపల తుడవండి. మట్టిరంగు అంటితే ఎక్కడో జాయింటు లీకవుతున్నట్టో, ఫిల్టర్ చిరిగినట్టో. ఇన్‌టేక్ మార్చినవాళ్లు ఆ లోపాన్ని పట్టుకుని సరిచేసేదాకా పాత పెట్టెనే తిరిగి బిగించండి.