నిమ్మ సెంటు నిలవట్లేదా?

పొద్దున కొట్టుకున్న నిమ్మ సెంటు ఆఫీసుకెళ్లేసరికి మాయమైతే డూప్లికేట్ అనుకోకండి. నిమ్మ, నారింజ నూనెల్లో ఎక్కువగా ఉండే లిమొనీన్ త్వరగా ఆవిరైపోతుంది. వేలు పోసి కొన్న సీసాలోనైనా ముందుగా ఎగిరిపోయేది ఆ పుల్లటి వాసనే!

అందుకే రోజూ వాడుకోవడానికి 4711 లాంటి కొలోన్ చాలు. జర్మనీలోని కొలోన్ నగరం వల్లే ఈ రకానికి ఆ పేరొచ్చింది. 1709లో అక్కడ మొదలైన ఫరీనా సంస్థ నేటికీ ఉంది. కొలోన్‌లో సుగంధ నూనెలు సాధారణంగా 2-5 శాతమే. అందుకే ఘాటూ తక్కువ, ధరా తక్కువ.

చిన్న స్ప్రే సీసాలో పోసి బ్యాగులో పెట్టుకోండి, మధ్యాహ్నం ఇంకోసారి కొట్టుకోవచ్చు. బెర్గమోట్ ఉన్నదైతే ఎండలోకి వెళ్లేముందు మెడకు రాయొద్దు. అందులోని బెర్గాప్టెన్‌కి ఎండ తోడైతే చర్మంపై మచ్చలు పడొచ్చు. చొక్కా మీద కొట్టుకుంటే సరి!