ఓయూనా, జేఎన్టీయూనా? సీఎస్ఈ సీటు చుట్టూ అల్లుకున్న అపోహలు

ఈఏపీసెట్ ర్యాంకు వచ్చిన ఇంట్లో సలహాలకు కొదవుండదు. ఉస్మానియాలో చదివిన పెదనాన్న ఒకటి చెబుతాడు, కూకట్‌పల్లి మేనమామ దానికి అడ్డం తిరుగుతాడు, పక్క ఫ్లాటావిడ వాళ్లబ్బాయి ప్యాకేజీ చెప్పి ఇద్దరి నోళ్లూ మూయిస్తుంది. సీఎస్ఈకి ఓయూ మేలా, జేఎన్టీయూ మేలా అన్న ప్రశ్నకు ఏటా జూన్, జూలైల్లో వినిపించే జవాబుల్లో సగం పాతికేళ్ల నాటివి. మిగతా సగం ప్రశ్న ఏమిటో తేల్చుకోకుండానే ఇచ్చినవి. తరచూ వినపడేవి కొన్ని చూద్దాం.

అపోహ: “మావాడిది జేఎన్టీయూ” అంటే వాడు జేఎన్టీయూలో చదువుతున్నట్టే.

చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది. జేఎన్టీయూ హైదరాబాద్ అనే ఒక్క పేరు కింద మూడు రకాల కాలేజీలున్నాయి. మొదటిది వర్సిటీ సొంత కాలేజీలు. కూకట్‌పల్లి క్యాంపస్ కాలేజీ 1965లో నాగార్జునసాగర్ ఇంజనీరింగ్ కాలేజీగా మొదలై, 1972లో జేఎన్టీయూ ఏర్పడినప్పుడు అందులో చేరింది. జగిత్యాల, మంథని, సుల్తాన్‌పూర్‌లలో ఉన్నవీ వర్సిటీ సొంతవే. రెండో రకం వీఎన్ఆర్ విజ్ఞానజ్యోతి, గోకరాజు రంగరాజు లాంటి అటానమస్ ప్రైవేటు కాలేజీలు. వీటిలో సిలబస్ కాలేజీయే రూపొందించుకుంటుంది, ప్రశ్నపత్రం కాలేజీయే తయారుచేస్తుంది, పేపర్లూ కాలేజీయే దిద్దిస్తుంది. పట్టా మాత్రం వర్సిటీ ఇస్తుంది. మూడోది మామూలు అనుబంధ కాలేజీలు. ఇక్కడ సిలబస్, పరీక్షల తేదీలు, ఫలితాలు, రీవాల్యుయేషన్ అన్నీ వర్సిటీ చేతిలోనే ఉంటాయి.

ఉస్మానియాలోనూ ఇదే అమరిక. 1929 నుంచి నడుస్తున్న క్యాంపస్ ఇంజనీరింగ్ కాలేజీ వేరు, ఓయూకు అనుబంధంగా ఉన్న సీబీఐటీ, వాసవి వేరు. ఈ రెండూ అటానమస్సే. కాబట్టి వాసవికీ వీఎన్ఆర్‌కీ మధ్య తేల్చుకోవాల్సిన పిల్ల “ఓయూ గొప్పదా, జేఎన్టీయూ గొప్పదా” అని తల బద్దలుకొట్టుకుంటే దండగే. ఆమె చూడాల్సింది ఆ రెండు కాలేజీల సీఎస్ఈ విభాగాలను. వర్సిటీ ఏదన్నది నిజంగా ముఖ్యమయ్యేది రెండు చోట్లే. ఒకటి క్యాంపస్ సీటు తీసుకునేటప్పుడు, రెండు అటానమస్ కాని అనుబంధ కాలేజీలో చేరేటప్పుడు. గత ఏడాది లాస్ట్ ర్యాంకుల పట్టికలో ప్రతి కాలేజీ ఎదురుగా అది ఏ వర్సిటీకి అనుబంధమో, ఫీజు ఎంతో రాసి ఉంటుంది. అటానమస్ అవునో కాదో కాలేజీనే అడిగి తెలుసుకోవాలి. ఇవేవీ చూడకుండా ఆప్షన్లు పెట్టేవాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది.

అపోహ: కౌన్సెలింగ్ కాగితాల్లో “ఓయూ” అని ఉంటే అది ఉస్మానియా కాలేజీల కోటా.

కాదు. అది లోకల్ ఏరియా పేరు. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులు ఉమ్మడి రాష్ట్రాన్ని ప్రవేశాల కోసం ఆంధ్రా, శ్రీవేంకటేశ్వర, ఉస్మానియా అని మూడు యూనివర్సిటీ ఏరియాలుగా విడదీశాయి. ఉస్మానియా ఏరియా అంటే పాత పది తెలంగాణ జిల్లాలు. జేఎన్టీయూ క్యాంపస్ సీటైనా సరే, తెలంగాణ విద్యార్థి అక్కడ “ఓయూ లోకల్” కిందే పోటీపడతాడు. 85 శాతం సీట్లు స్థానికులవి. మిగతా 15 శాతానికి ఉమ్మడిగా పోటీపడే ఏర్పాటుకు విభజన చట్టం ఇచ్చిన పదేళ్ల గడువు 2024 జూన్ 2తో తీరింది. 2025–26 ప్రవేశాల నుంచి కొన్ని మినహాయింపులు తప్ప ఆంధ్రప్రదేశ్ స్థానికులకు ఆ 15 శాతంలోనూ దారి మూసుకుపోయింది. కర్నూలులోనో విజయవాడలోనో ఉండి పాత కటాఫ్‌లు తిరగేస్తూ ఆశపడుతున్నవాళ్లు ముందు ఇది గమనించాలి.

అపోహ: ఉస్మానియా ఇచ్చేది బీఈ, అదంతా థియరీ. జేఎన్టీయూ ఇచ్చేది బీటెక్, అది ప్రాక్టికల్.

ఈ మాట ఎవరు పుట్టించారో గానీ చావదు. ఉస్మానియా క్యాంపస్‌లోనే ఇంజనీరింగ్ కాలేజీ బీఈ ఇస్తుంది, పక్కనున్న టెక్నాలజీ కాలేజీ బీటెక్ ఇస్తుంది. చెన్నైలోని అన్నా యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్స్ బీఈ, ఐటీ బీటెక్. పిలానీ బిట్స్‌లో అంతా బీఈ. గేట్‌కూ, ప్రభుత్వ ఉద్యోగాలకూ, అమెరికాలో ఎంఎస్‌కూ రెండూ సమానమే. ఎవరూ తేడా అడగరు.

అపోహ: ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకు, న్యాక్ గ్రేడు ఎవరికి మెరుగ్గా ఉంటే వాళ్ల సీఎస్ఈ మెరుగు.

న్యాక్ గ్రేడు మొత్తం సంస్థకు ఇచ్చేది. తెలుగు శాఖ, రసాయనశాస్త్రం, లా కాలేజీ అన్నీ కలిపి చూస్తారు. ఒక్కో కోర్సును విడిగా పరీక్షించి గుర్తింపు ఇచ్చేది ఎన్‌బీఏ. అడగాల్సింది “మీ సీఎస్ఈకి ఎన్‌బీఏ ఉందా, ఎప్పటిదాకా” అని. ఇందులోనూ ఒక మెలిక ఉంది. ఇంజనీరింగ్ కోర్సుల గుర్తింపును దేశాలు పరస్పరం ఒప్పుకునే వాషింగ్టన్ ఒప్పందంలో 2014లో భారత్ సభ్యదేశమైంది. అయితే ఆ ఒప్పందం కింద విదేశాల్లో చెల్లేది వర్సిటీ విభాగాలకూ అటానమస్ కాలేజీలకూ ఇచ్చే టైర్–1 గుర్తింపు మాత్రమే. మామూలు అనుబంధ కాలేజీలకు వచ్చేది టైర్–2.

ఎన్ఐఆర్ఎఫ్ సంగతికొస్తే, దానిలో కంప్యూటర్ సైన్స్‌కు వేరే జాబితా లేదు. ఇంజనీరింగ్ జాబితాలో 30 శాతం మార్కులు పరిశోధనకు, 10 శాతం జనంలో ఉన్న పేరుకు పోతాయి. మెటలర్జీ ప్రొఫెసరు రాసిన పేపర్లు మీ పిల్లవాడి డేటా స్ట్రక్చర్స్ క్లాసును బాగుచేయవు. అలాగని ఎన్ఐఆర్ఎఫ్‌ను పారేయక్కర్లేదు. ప్రతి సంస్థా తాను సమర్పించిన లెక్కలను బయటపెట్టాలి. ఎంతమంది పట్టా పుచ్చుకున్నారు, ఎంతమందికి ఉద్యోగాలొచ్చాయి, మధ్యస్థ జీతం ఎంత, పైచదువులకు ఎంతమంది వెళ్లారు అన్నవి అందులో ఉంటాయి. బ్రోషర్ మీద మెరిసే “అత్యధిక ప్యాకేజీ” ఒక్కడిది. మధ్యస్థ జీతమైతే ఉద్యోగం వచ్చినవాళ్లలో నడిమి విద్యార్థి జీతం, మీవాడు ఆ చుట్టుపక్కలే ఉండే అవకాశం ఎక్కువ. నన్నడిగితే ర్యాంకు పేజీ మూసేసి ఈ పేజీ తెరవమంటాను.

అపోహ: ఉస్మానియా అంటే ధర్నాలు, వాయిదాలు. జేఎన్టీయూ హైటెక్ సిటీ పక్కనుంది కాబట్టి కంపెనీలన్నీ అక్కడికే వస్తాయి.

1969లోనూ, 2009 తర్వాతి తెలంగాణ ఉద్యమ కాలంలోనూ ఉస్మానియాలో పరీక్షలు వాయిదా పడ్డ మాట నిజం. ఆ ఉద్యమం కోరుకున్న రాష్ట్రం 2014లో వచ్చింది. ఇప్పుడు ఇంటర్ పూర్తిచేస్తున్న పిల్లలు 2009లో తప్పటడుగులేస్తున్నవాళ్లు. పైగా క్యాంపస్ ఇంజనీరింగ్ కాలేజీ అటానమస్, సెమిస్టర్ల క్యాలెండర్ దానిదే.

దూరం విషయంలో జనం లెక్క ఇంకా తమాషాగా ఉంటుంది. ఉస్మానియా దగ్గరి తార్నాక మెట్రో స్టేషన్ నీలి లైన్‌లో ఉంది. ఆ లైన్ నేరుగా హైటెక్ సిటీ మీదుగా రాయదుర్గం వెళ్తుంది. జేఎన్టీయూ కాలేజీ స్టేషన్ ఎర్ర లైన్‌లో ఉంది, అక్కడినుంచి మెట్రోలో హైటెక్ సిటీకి వెళ్లాలంటే అమీర్‌పేటలో మారాలి. రోడ్డు మీద జేఎన్టీయూ దగ్గరే, కాదనను. కానీ ఉద్యోగమిచ్చేవాళ్లు ఆటో చార్జీ చూసి కాలేజీని ఎంచుకోరు. ముందు ఆన్‌లైన్ పరీక్ష, ఆ తర్వాత కోడింగ్ రౌండ్లు.

అపోహ: సీఎస్ఈ రాకపోతే సాఫ్ట్‌వేర్‌లో పైకి రాలేం.

2007లో అడోబీ సీఈఓ అయిన శంతను నారాయణ్ ఉస్మానియా క్యాంపస్‌లో చదివింది ఎలక్ట్రానిక్స్. కంప్యూటర్ సైన్స్ ఆ తర్వాత ఒహాయోలోని బౌలింగ్ గ్రీన్ స్టేట్ యూనివర్సిటీలో చదివారు. హైదరాబాద్‌లో పెరిగి మైక్రోసాఫ్ట్ సీఈఓ అయిన సత్య నాదెళ్ల మణిపాల్‌లో ఎలక్ట్రికల్ చదివి, విస్కాన్సిన్–మిల్వాకీలో కంప్యూటర్ సైన్స్ ఎంఎస్ చేశారు. ఈ రెండు అమెరికా వర్సిటీలూ రాష్ట్ర ప్రభుత్వాలవే, మన కన్సల్టెన్సీలు గోడల మీద పెద్దక్షరాలతో రాసే పేర్లు కావు. ఇద్దరి కథా అందరిదీ కాదనుకోండి. అయినా క్యాంపస్‌లో ఈసీఈ వస్తున్నా వదులుకుని, పేరు తెలియని కాలేజీలో సీఎస్ఈ కోసం లక్షలు పోసే ముందు ఒకసారి ఆగి ఆలోచించాలి. కోర్సు పేరు చివర ఏఐ, ఎంఎల్ తగిలించినంత మాత్రాన మోసపోవద్దు. మొదటి రెండేళ్లు చాలావరకు సీఎస్ఈ సిలబస్సే ఉంటుంది.

మార్కుల మాట కూడా ఇక్కడే చెప్పేస్తాను. జేఎన్టీయూహెచ్ నిబంధనల ప్రకారం సీజీపీఏలోంచి అర తీసేసి పదితో హెచ్చిస్తే పర్సంటేజీ వస్తుంది. ఎనిమిది సీజీపీఏ అంటే 75 శాతమే. కంపెనీ 60 శాతం అడిగితే 6.5 ఉండాలి. చివరి ఏడాదిలో ఇది తెలిసి బెంబేలెత్తేవాళ్లు ఎందరో.

అపోహ: అందని కాలేజీని మొదటి ఆప్షన్‌గా పెడితే కింద ఉన్న సీటు కూడా పోతుంది.

కంప్యూటర్ ర్యాంకుల వరసలో ఒక్కో విద్యార్థిని తీసుకుని, అతని ఆప్షన్లను పైనుంచి కిందికి చూస్తుంది. ఖాళీ ఉన్న మొదటి సీటు ఇస్తుంది. పైది దొరకకపోతే కిందిదానికి వెళ్తుంది, శిక్ష ఏమీ ఉండదు. కనుక నిజంగా కావాల్సిందే పైన పెట్టండి. జాగ్రత్త పడాల్సింది తర్వాతి విడతల్లో. అప్పుడు పెట్టిన ఆప్షన్‌లో సీటు వస్తే పాత సీటు దానంతటదే రద్దవుతుంది. చేతిలో ఉన్నదానికంటే మెరుగనుకున్నవే అప్పుడు పెట్టాలి.

ఇక నా మాట. రెండు క్యాంపస్‌ల సీఎస్ఈ మధ్య నాకు పెద్ద తేడా కనబడదు. రెండూ అందే ర్యాంకైతే హాస్టల్ ఎక్కడ దొరుకుతుందో, ఇంటినుంచి ఎక్కడికి సులువో చూసుకుని దాన్ని పైన పెట్టండి. సీటు రెగ్యులర్‌దా, సెల్ఫ్ ఫైనాన్స్‌దా అన్నది కచ్చితంగా అడగండి, ఒకే గేటు లోపల రెండు ఫీజులుంటాయి. ఆప్షన్ల గడువు ముగిసేలోపు ఒక పనిదినాన వెళ్లి రెండు క్యాంపస్‌లూ చూసి, రెండో ఏడాది విద్యార్థులతో మాట్లాడండి. ల్యాబ్ ఎన్నింటిదాకా తెరిచి ఉంటుందో, సీఎస్ఈలో పర్మనెంట్ అధ్యాపకులు ఎందరో వాళ్లకు తెలిసినంతగా పెదనాన్నకు తెలియదు.