మతి చెదిరిన బిడ్డ – పోలీసు స్టేషను గడప



పల్లెలో ఎవరికైనా గుండెనొప్పి వస్తే ఏమి చేయాలో ఇప్పుడు చిన్నపిల్లలకు కూడా తెలుసు. 108కి ఫోను చేస్తారు. అదే ఇంట్లో చేతికొచ్చిన కొడుకు నాలుగు రాత్రులు నిద్ర లేకుండా గోడతో మాట్లాడి, ఐదవ రాత్రి కొడవలి పట్టుకొని వాకిట్లో నిలబడితే ఎవరికీ ఏమీ తోచదు. తల్లి ఏడుస్తుంది. ఇరుగుపొరుగువారు తలుపులు వేసుకుంటారు, లేదా వచ్చి చుట్టూ మూగి చూస్తారు. ఒకరు పాస్టరుగారి కోసం పరుగెత్తుతారు, మరొకరు పోలీసులకు ఫోను చేస్తారు. మా పరిచర్యలో పోలీసు జీపు, మా సైకిలు ఒకే వాకిట్లో ఆగిన రాత్రులు ఉన్నాయి. ఆ రాత్రులలో చూసినది, తరువాత చట్టము చదివి తెలుసుకొన్నది కలిపి ఈ నెల వ్రాస్తున్నాము.

ముందుగా పోలీసువారి పక్షము చెప్పవలెను. ఫోనులో వారికి వినిపించేది ఒక్కటే మాట: "కత్తి పట్టుకున్నాడు, చంపేస్తున్నాడు." స్టేషనులో రాత్రి వేళ ఉండేది ముగ్గురో నలుగురో. దొంగను, తాగి గొడవ చేసేవాడిని, ముఠా తగాదాలను ఎదుర్కోవడానికి వారికి నేర్పినది గట్టిగా అరవడము, చుట్టుముట్టడము, చేతులు విరిచి పట్టుకోవడము. దొంగ మీద అది పనిచేస్తుంది. ఎందుకంటే దొంగకు భయము తెలుసు, లెక్క తెలుసు. కాని చెవిలో ఎవరో తిడుతున్నట్లు, గోడ వెనుక ఎవరో పొంచి ఉన్నట్లు నిజముగా అనుభవిస్తున్న వ్యాధిగ్రస్తునికి పోలీసు అరుపు కూడా ఆ శత్రువుల అరుపులలో కలిసిపోతుంది. "కింద పడెయ్" అని నలుగురు నాలుగు వైపుల నుండి అరిస్తే అతనికి అర్థమయ్యేది తనను చంపడానికి వచ్చారని మాత్రమే. అప్పుడు అతడు కొడవలిని ఇంకా గట్టిగా పట్టుకుంటాడు. మొండితనము అనుకొని వీరు లాఠీ ఎత్తుతారు.

ఒక కుటుంబము సంగతి చెబుతాము. ఊరు, పేరు అక్కరలేదు. కూలి చేసుకొని బ్రతికే విశ్వాసులు. రెండవ కొడుకుకు ఇరవై రెండేళ్ళు. ఆ రాత్రి తండ్రే స్టేషనుకు ఫోను చేశాడు, ఆసుపత్రికి తీసుకొని వెళ్ళడానికి సహాయము చేస్తారని. వచ్చినవారు కుర్రవాడిని తాడుతో కట్టి జీపులో వేసి, తెల్లవారేదాకా స్టేషను వరండాలో స్తంభానికి కట్టి ఉంచారు. ఉదయము ఊరి పెద్దలు వెళ్ళి విడిపించుకొని వచ్చారు. దెబ్బలు పది రోజులలో మానాయి. మానని సంగతి వేరే ఉంది. ఆ తరువాత ఆసుపత్రికి వెళదామని ఎవరు అన్నా ఆ బిడ్డ పొలాలలోకి పరుగెత్తేవాడు. అతని లెక్కలో ఆసుపత్రి అన్నా స్టేషను అన్నా ఒకటే. అతనికి మందు మొదలు కావడానికి ఇంకా పదునాలుగు నెలలు పట్టింది. ఆ పదునాలుగు నెలలలో తల్లి కంటి మీద కునుకు లేదు.

అదే తాలూకాలో మరొక ఇంటికి మరొక హెడ్ కానిస్టేబుల్‌గారు వచ్చారు. వయసు మళ్ళిన మనిషి, మన సంఘస్థులు కారు. జీపును వీధి చివరనే ఆపించారు. లాఠీ, టోపీ జీపులోనే వదిలారు. మొదటి పని, చూడవచ్చిన జనాన్ని ఇళ్ళకు పంపించారు. తరువాత వాకిట్లో అరుగు మీద, ఆ కుర్రవాడికి ఎనిమిది అడుగుల ఎడములో కూర్చొని, "ఏం తమ్ముడూ, అన్నం తిన్నావా?" అన్నారు. గోడ వెనుక మనుషులు ఉన్నారని అతడు అంటే, లేరని వాదించలేదు. ఉన్నారని కూడా చెప్పలేదు. "నాకు కనబడలేదు గాని, నీకు భయంగా ఉన్నట్టుంది" అన్నారు. మంచినీళ్ళు తెప్పించి తాను తాగి అతనికి ఇచ్చారు. రెండు గంటలకు పైగా పట్టింది. చివరకు కత్తిపీట అతడే కింద పెట్టాడు. తల్లిని పక్కన కూర్చోబెట్టి ఆటోలో జిల్లా ఆసుపత్రికి పంపించి, తాను బండి మీద వెనుకనే వెళ్ళారు. ఇదంతా మీకు ఎవరు నేర్పారండీ అని మేము అడిగితే, "మా చిన్నాన్నకు ఇలాగే ఉండేదండీ" అన్నారు. ఎవరికో ఒకరికి చిన్నాన్న వ్యాధి వలన అబ్బిన నేర్పు మీద మన బిడ్డల ప్రాణాలు ఆధారపడి ఉండటము న్యాయము కాదు గదా!

అమెరికాలోని మెంఫిస్ పట్టణము ఈ పాఠాన్ని ఒక మరణము వలన నేర్చుకొన్నది. 1987 సెప్టెంబరులో అక్కడ ఇరవై ఏడేళ్ళ యువకుడు కత్తితో తనను తాను గాయపరచుకొంటుంటే సహాయము కోసము పోలీసులను పిలిచారు. వచ్చినవారు కత్తి పడవేయమని అరిచారు, అతడు పడవేయలేదు, కాల్చి చంపారు. పట్టణములో పెద్ద దుఃఖము, పెద్ద కోపము. మరుసటి ఏడు, అనగా 1988లో, పోలీసు శాఖ, వ్యాధిగ్రస్తుల కుటుంబాల సంఘము, విశ్వవిద్యాలయాలు కలిసి ఒక ప్రత్యేక దళాన్ని ఏర్పరచాయి. ఇష్టపడి ముందుకు వచ్చిన పోలీసులకు నలభై గంటల శిక్షణ ఇచ్చారు. వ్యాధి అంటే ఏమిటి, ఎంత దూరములో నిలబడాలి, గొంతు ఎలా తగ్గించాలి, మాటలతో ఎలా శాంతపరచాలి అన్నవి నేర్పారు. వ్యాధి అనుభవించినవారే వచ్చి వారితో మాట్లాడారు. ఆ పోలీసు ఎవరిని తీసుకొని వచ్చినా తిప్పి పంపకుండా చేర్చుకొనే ఆసుపత్రి ఒకటి ఉండేటట్లు చూశారు. ఈ చివరి సంగతి చిన్నది కాదు. ఆసుపత్రి తలుపు తీయకపోతే ఎంత మంచి పోలీసు అయినా తిరిగి స్టేషనుకే తీసుకొని వెళతాడు. తరువాత అక్కడి ఎన్నో పట్టణాలు ఈ పద్ధతిని అందుకొన్నాయి.

మన దేశములో చట్టము దయగానే ఉన్నది. అది ఊరి వరకు రాలేదు, అంతే. 1912 నాటి దొరల కాలపు చట్టము తరువాత 1987లో మానసిక ఆరోగ్య చట్టము చేశారు. అందులో పోలీసులు ఇటువంటి వ్యక్తిని ఇరవై నాలుగు గంటలలో మేజిస్ట్రేటు ఎదుట నిలబెట్టాలి. ఏ నేరమూ చేయని వ్యాధిగ్రస్తులు ఆ రోజులలో జైళ్ళలో మగ్గిపోయేవారు. అది చట్టవిరుద్ధమని సుప్రీంకోర్టు 1993లో షీలా బర్సే కేసులో తీర్పు చెప్పింది. ఇప్పుడు అమలులో ఉన్నది 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము. 2018 మే 29 నుండి అమలయింది. దాని నూరవ సెక్షను ప్రతి సంఘ పెద్దకూ తెలిసి ఉండాలి. మానసిక వ్యాధితో తనను తాను చూసుకోలేక తిరుగుతున్నవారిని, తమకో ఇతరులకో ప్రమాదముగా ఉన్నవారిని స్టేషను అధికారి తన రక్షణలోకి తీసుకోవలెను. మాట గమనించండి, అరెస్టు కాదు, రక్షణ. ఎందుకు తీసుకొని వెళుతున్నారో ఆ వ్యక్తికి చెప్పాలి. అతనికి అర్థము కాని స్థితి అయితే అతని తరపున నియమింపబడినవారికి చెప్పాలి. వీలైనంత త్వరగా, ఇరవై నాలుగు గంటలు దాటకుండా, దగ్గరలోని ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకొని వెళ్ళాలి. ఎట్టి పరిస్థితిలోను లాకప్పులోగాని జైలులోగాని పెట్టకూడదు. ఇల్లు లేక తిరుగుతున్నవాడైతే తప్పిపోయిన మనిషిగా ఎఫ్.ఐ.ఆర్. వ్రాసి, కుటుంబాన్ని వెదకడము కూడా పోలీసుల విధియే. పాత చట్టము కోర్టు మెట్ల వైపు నడిపించింది, కొత్తది ఆసుపత్రి వైపు నడిపిస్తున్నది.

అయినా 2020 మే నెలలో విశాఖపట్నములో జాతీయ రహదారి మీద, సస్పెన్షనులో ఉన్న ఒక ప్రభుత్వ వైద్యుని చేతులు వెనుకకు కట్టిన దృశ్యము మనమందరము టీవీలలో చూశాము. ఒక కానిస్టేబుల్‌ను సస్పెండు చేశారు. ఆ వైద్యుని మానసిక ఆసుపత్రికి తరలించారు. హైకోర్టు సి.బి.ఐ. విచారణకు ఆదేశించింది. అందులోని రాజకీయము మేము ఎత్తము. మా మట్టుకు ఒకటే తోచింది: వ్యాధి ఉన్నదనుకుంటే ఆయనను అలా కట్టకూడదు, లేదనుకుంటే ఆ ఆసుపత్రికి పంపకూడదు.

పురుగుల మందు సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే మన ఇళ్ళలో ఎక్కువ భయము అక్కడే. "ఆసుపత్రికి తీసుకొని వెళితే పోలీసు కేసు అవుతుంది" అని గంటల కొద్దీ ఇంట్లోనే దాచి, ఉప్పునీళ్ళు తాగించి, మనిషి మాట్లాడుతున్నాడు గదా అని ఆగి, చివరకు సమాధి తవ్వించిన కుటుంబాలు మాకు తెలుసు. ఆత్మహత్యాయత్నానికి శిక్ష వేసే పాత 309వ సెక్షను ఉన్నప్పుడు ఆ భయానికి అర్థముండేది. 2017 చట్టపు 115వ సెక్షను, అటువంటి వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలని, విచారించి శిక్షించకూడదని, ప్రభుత్వమే అతనికి వైద్యము చేయించాలని చెప్పింది. 2024 జూలై 1న వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆ పాత సెక్షను లేదు. ప్రభుత్వోద్యోగిని ఒత్తిడి చేసి ఒక పని చేయించడానికో ఆపడానికో అలా చేస్తేనే నేరము. ఆసుపత్రిలో కానిస్టేబుల్ వచ్చి వాంగ్మూలము వ్రాసుకొంటాడు. వ్రాసుకోనివ్వండి. దాని కోసము ఒక్క నిమిషము కూడా ఆలస్యము చేయకండి.

మన గ్రంథములో ఏలీయా బదరీ వృక్షము క్రింద చావు కోరుకొన్నప్పుడు (1 రాజులు 19) దేవుడు ఆయనను గద్దించలేదు. నిద్రపోనిచ్చాడు, వేడి రొట్టె, నీళ్ళు పంపించాడు, ఒకసారి కాదు రెండుసార్లు. ఫిలిప్పీ చెరసాల నాయకుడు కత్తి దూసి తనను తాను చంపుకోబోతున్న రాత్రి (అపొ. కార్యములు 16) పౌలు చీకటిలో నుండి కేక వేశాడు, మేమందరము ఇక్కడే ఉన్నామని. అక్కడ ఆపదలో ఉన్నది చెరసాల కాపలాదారుడే, నెమ్మదిపరచినది ఖైదీ. పోలీసు ఉద్యోగులలో కూడా లోలోపల నలిగిపోయేవారు ఉన్నారని మేము ఎరుగుదుము. వారి భార్యలు ప్రార్థన చీటీలలో వ్రాస్తారు.

"అయ్యగారూ, ఇది దయ్యమా, జబ్బా?" అని మమ్మును అడగనివారు లేరు. మత్తయి సువార్త 4వ అధ్యాయము 24వ వచనములో దయ్యము పట్టినవారిని వేరుగా, చాంద్రరోగులను వేరుగా, పక్షవాయువు గలవారిని వేరుగా చెప్పారు. సువార్తికుడు కలపనిదానిని మనమెందుకు కలపాలి? ప్రార్థన చేయండి, మేమూ చేస్తాము. కాని ప్రార్థన పేరుతో గొలుసు వేయకండి. గెరాసేనుల దేశములో ఊరివారు చేసినది గొలుసులు, సంకెళ్ళు. ప్రభువు చేసినది పేరు అడగడము (మార్కు 5). 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో, దర్గా దగ్గర ప్రైవేటుగా నడిచే ఒక ఆశ్రయములో మంటలు లేస్తే, గొలుసులతో కట్టబడి ఉన్న 28 మంది వ్యాధిగ్రస్తులు కదలలేక కాలిపోయారు. అది వేరే మతమువారి స్థలములో జరిగినదని మనము ఊపిరి పీల్చుకోవద్దు. స్వస్థత కోసము మన ప్రార్థన స్థలాలకు తెచ్చినవారిని చెట్టుకు కట్టడము మేము కళ్ళారా చూశాము. 2017 చట్టపు 95వ సెక్షను ఏ రూపములోనైనా గొలుసు వేయడాన్ని నిషేధించింది. ఇంట్లో కట్టివేసి హింసిస్తున్నారని, పట్టించుకోవడము లేదని తెలిస్తే ఎవరైనా పోలీసులకు చెప్పవచ్చును. స్టేషను అధికారి మేజిస్ట్రేటుకు నివేదించాలి.

ఇక ఫోను చేసే మాట. 112కి చేసినా 108కి చేసినా మొదట "మా అబ్బాయికి మానసిక వ్యాధి ఉంది, ఆసుపత్రికి తీసుకొని వెళ్ళడానికి సహాయము కావాలి" అనండి. చేతిలో ఏదైనా ఉంటే దాచకుండా చెప్పండి. దాస్తే వచ్చినవారు తరువాత బెదిరి చేయి చేసుకొంటారు. వాడే మందుల చీటీ ఒక సంచిలో, తలుపు దగ్గర మేకుకు తగిలించి ఉంచండి. ఇంకా ప్రమాదము ముదరనప్పుడే 14416కు చేస్తే టెలి మానస్ వారు తెలుగులోనే మాట్లాడతారు, రాత్రి అయినా సరే, డబ్బు ఖర్చు లేదు. ఇంటిలో రోగికి నమ్మకమైనవారు ఎవరో, అతడు నెమ్మదిగా ఉన్న రోజున అతనినే అడిగి తెల్లకాగితము మీద వ్రాయించి సంతకము చేయిస్తే, అతడే చట్టము చెప్పే నామనిర్దేశిత ప్రతినిధి. పోలీసు వచ్చినప్పుడు ముందుకు వచ్చి మాట్లాడవలసినది ఆ వ్యక్తి. పాస్టరుగారు పక్కన నిలబడి, జనాన్ని దూరముగా పంపిస్తే చాలును.

మా పాస్టరేటులో పోయిన సంవత్సరము నలుగురు పెద్దలు నూరవ సెక్షను తెలుగులో వ్రాయించుకొని, స్టేషనుకు వెళ్ళి ఎస్.ఐ.గారికి ఇచ్చి వచ్చారు. ఆయన కుర్చీ వేసి కూర్చోబెట్టారు, చదివారు, లాకప్పు మాట దగ్గర రెండుసార్లు చదివారు. మొన్న బదిలీలలో ఆయన వెళ్ళిపోయారు. కొత్తవారు చేరి పది రోజులయింది. పెద్దలు వచ్చే మంగళవారము మళ్ళీ వెళుతున్నారు.