లైసెన్సు వచ్చేదాకా ఆగక్కర్లేదు: వాల్డార్ఫ్ చుట్టూ నాలుగు సైకిలు దారులు

వాల్డార్ఫ్ అనగానే మనవాళ్లకు గుర్తొచ్చేది ఎస్‌ఏపీ. 1972లో పుట్టిన ఆ కంపెనీ ప్రధాన కార్యాలయం ఈ చిన్న ఊళ్లో ఉండబట్టే హైదరాబాద్ నుంచీ బెంగళూరు నుంచీ కొత్త కుటుంబాలు ఇక్కడికి వస్తూనే ఉంటాయి. ఉద్యోగం చేసేవాళ్లకు వచ్చిన వారానికే ఆఫీసు, క్యాంటీను, నలుగురు స్నేహితులు దొరుకుతారు. ఇంట్లో ఉండేవాళ్లకు మాత్రం చాలా రోజులు కిటికీయే కాలక్షేపం.

దానికి ఒక పెద్ద కారణం డ్రైవింగ్ లైసెన్సు. మన దేశపు లైసెన్సు ఇక్కడ స్థిరపడిన నాటి నుంచి 6 నెలలే చెల్లుతుంది. ఆ తర్వాత థియరీ, ప్రాక్టికల్ రెండు పరీక్షలూ పాసవ్వాలి. థియరీ ఇంగ్లీషులో రాయొచ్చు కానీ తెలుగులో, హిందీలో లేదు. చదువుకోవడం, క్లాసులు, పరీక్ష తేదీ కోసం ఎదురుచూపులు అన్నీ కలిపి మాకు తెలిసిన చాలా ఇళ్లలో ఏడాది పట్టింది. ఆ ఏడాదిలో సైకిలు పట్టుకున్నవాళ్లకు చుట్టుపక్కల ఊళ్లన్నీ తెలిసిపోయాయి. పట్టుకోనివాళ్లు శనివారం కోసం, ఇంకొకరి కారులో ఖాళీ సీటు కోసం చూస్తూ ఉండిపోయారు. నేను ఇక్కడే ఉంటూ వారాంతాల్లో తిరిగే దారుల్లోంచి, కొత్తవాళ్లకు పనికొచ్చే నాలుగింటిని తేలిక నుంచి కష్టం వరుసలో ఇక్కడ చెబుతున్నాను.

ముందు, సైకిలు రానివాళ్లకు

"నాకసలు తొక్కడమే రాదు కదండీ" అనే అక్కలు, వదినలు మనలో చాలామంది ఉన్నారు. వాళ్లకు ధైర్యమిచ్చే కథ ఒకటి ఈ ప్రాంతంలోనే ఉంది. సైకిలుకు తాతలాంటి బండి పుట్టింది మన పక్క నగరం మన్‌హైమ్‌లో. 1817 జూన్ 12న కార్ల్ డ్రైస్ అనే ఆయన రెండు చెక్క చక్రాల బండి మీద కూర్చుని, తన ఇంటి నుంచి ష్వెట్సింగెన్ వైపు వెళ్లే రోడ్డులో ఉన్న ఒక సత్రం దాకా వెళ్లి వచ్చాడు. రానూ పోనూ సుమారు 14 కిలోమీటర్లు, గంట లోపే. ఆ బండికి పెడళ్లు లేవు, చైను లేదు. కాళ్లతో నేలను వెనక్కి తన్నుకుంటూ, బండి జారుతున్నప్పుడు పడిపోకుండా నిలదొక్కుకోవడమే విద్య అంతా.

పెద్దవయసులో నేర్చుకునేవాళ్లకు ఈనాటికీ అదే మంచి పద్ధతి. సీటును రెండు పాదాలూ పూర్తిగా నేలకు ఆనేంత కిందికి దించండి. పెడళ్లు రెండూ విప్పేయండి. ఎడమ పెడలు మర తిరగేసి ఉంటుంది కాబట్టి దాన్ని గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితేనే ఊడుతుంది. ఇక కాళ్లతో తోసుకుంటూ ముందుకు వెళ్లండి. ఎప్పుడైతే రెండు పాదాలూ పైకెత్తి నాలుగైదు క్షణాలు జారగలుగుతారో, అప్పుడు పెడళ్లు మళ్లీ బిగించండి. వెనక నుంచి ఒకరు సీటు పట్టుకుని పరుగెత్తే మన పాత పద్ధతి కన్నా దీనిలో భయం తక్కువ. ఎందుకంటే పాదం ఎప్పుడూ నేలకు దగ్గరే ఉంటుంది. మా పై అంతస్తులో ఉండే వదినగారు నలభై దాటాక ఇలాగే మూడు ఆదివారాల్లో నేర్చుకున్నారు. ఇప్పుడు కూరగాయలకు, జర్మన్ క్లాసుకు ఎవరినీ అడగకుండా వెళ్లొస్తున్నారు.

వయసు గురించి బెంగ అక్కర్లేదు. మన పొరుగునే తమిళనాడులోని పుదుకోట్టై జిల్లాలో 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమంలో భాగంగా లక్ష మందికి పైగా గ్రామీణ మహిళలు సైకిలు నేర్చుకున్నారు. వాళ్లలో చాలామందికి చీరకట్టే, అద్దె సైకిళ్లే. ఇక్కడైతే దించగలిగే సీటు, అడ్డబార్ లేని సైకిలు సులువుగా దొరుకుతాయి. చున్నీ మాత్రం నడుముకు గట్టిగా చుట్టుకోండి, చైనుకు దొరికితే ప్రమాదం.

ఊరి నైసర్గికం ఒక్క ముక్కలో

వాల్డార్ఫ్ రైన్ నది మైదానం అంచున ఉంది. తూర్పున రైల్వే స్టేషను దాటితే వీస్లోఖ్ ఊరు, దాని వెనక ద్రాక్ష తోటల గుట్టలు. పడమర రైన్ దాకా దాదాపు బల్లపరుపు నేల. అందుకని తూర్పుకు వెళితే ఎక్కుడు, పడమటికి వెళితే చదును అని గుర్తుపెట్టుకుంటే చాలు. దారి చూపడానికి కూడళ్లలో తెల్లబోర్డు మీద ఆకుపచ్చ అక్షరాలతో సైకిలు బొమ్మ, ఊరిపేరు, కిలోమీటర్లు రాసి ఉంటాయి. ఆటోబాన్ అడ్డం వచ్చినప్పుడు ఆ బోర్డు చూపిన వంతెన దగ్గరే దాటండి. కింద చెప్పిన దూరాలన్నీ సుమారు లెక్కలు.

మొదటి దారి: సాండ్‌హౌజెన్ ఇసుక దిబ్బలు (6 కిలోమీటర్లు)

ఉత్తరం వైపు, కొంత అడవి పక్కగా, పూర్తిగా చదునుగా సాగే దారి. కొత్తగా నేర్చుకున్నవాళ్లు ముందు దీనితో మొదలుపెట్టొచ్చు. సాండ్‌హౌజెన్‌లో సముద్రానికి వందల కిలోమీటర్ల దూరాన ఇసుక దిబ్బలు కనిపిస్తాయి. చివరి మంచుయుగం ముగిసే కాలంలో, చెట్లు లేని రైన్ మైదానంలోంచి గాలి ఇసుకను ఎత్తుకొచ్చి ఇక్కడ పోసింది. ఇప్పుడది రక్షిత ప్రాంతం. పొడి ఇసుకలో మాత్రమే బతికే అరుదైన మొక్కలు, పురుగులు అక్కడ ఉన్నాయి కాబట్టి సైకిలు బయట తాళం వేసి, కేటాయించిన బాటలోనే నడవాలి. చుట్టూ ఉన్న పొడవాటి పైన్ చెట్ల అడవి కూడా ఈ ఇసుక నేల మీద పెరిగిందే. ఇసుక కాబట్టి వాన వెలిసిన కాసేపటికే బాట ఆరిపోతుంది.

రెండో దారి: వీస్లోఖ్ మందుల షాపు (4 కిలోమీటర్లు)

దూరం తక్కువే కానీ ఊళ్లో ట్రాఫిక్, చివర్లో కాస్త ఎత్తు ఉంటాయి. అందుకే దీన్ని రెండోదిగా పెట్టాను. 1888 ఆగస్టులో బెర్తా బెంజ్ తన ఇద్దరు కొడుకులను ఎక్కించుకుని, భర్త కార్ల్ బెంజ్‌కు చెప్పకుండా, ఆయన తయారుచేసిన మూడు చక్రాల మోటారు బండిని మన్‌హైమ్ నుంచి ఫోర్ట్స్‌హైమ్‌లోని పుట్టింటికి నడుపుకుంటూ వెళ్లింది. వంద కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం. దారిలో ఇంధనం అయిపోవస్తే వీస్లోఖ్‌లోని మందుల షాపులో లిగ్రోయిన్ అనే ద్రావకం కొని పోసుకుంది. అప్పట్లో దాన్ని మరకలు తుడవడానికి అమ్మేవారు. అందుకే ఆ షాపును ప్రపంచంలోనే మొదటి పెట్రోలు బంకు అంటారు. ఆ కొట్టు ఉన్న ఇల్లు ఇప్పటికీ ఊరి నడిబొడ్డున ఉంది. కొత్త దేశంలో ఒంటరిగా బయటికి వెళ్లాలంటే జంకే మన ఆడపిల్లలకు ఈ కథ అక్కడే నిలబడి చెప్పాలి.

మూడో దారి: ష్వెట్సింగెన్ (12 నుంచి 13 కిలోమీటర్లు)

వాయవ్యంగా హార్ట్ అడవిలోంచి వెళ్లే తిన్నని బాటలు. ఎండాకాలంలో కూడా నీడ ఉంటుంది. కొత్తవాళ్లకు గంటంబావు పడుతుంది. అక్కడ రాజుల వేసవి విడిది, దాని వెనక పెద్ద ఉద్యానవనం ఉన్నాయి. టికెట్ కొనాలి, సైకిళ్లు లోపలికి రానివ్వరు. తోటలో 18వ శతాబ్దం చివర్లో కట్టిన మసీదు ఒకటి కనిపించి మనవాళ్లు ఆశ్చర్యపోతారు. అది ప్రార్థనల కోసం కాదు, తోటకు అందంగా కట్టించినది.

ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఈ దారిలో పొలాల పక్కన తెల్ల ఆస్పరాగస్ అమ్మే చిన్న కొట్లు వెలుస్తాయి. మన పిల్లిపీచరకు (శతావరి) ఇది దగ్గర చుట్టం. తేలికైన ఇసుక నేల దీనికి బాగా నప్పుతుంది. మొలకను మట్టి కప్పి వెలుగు తగలనివ్వకుండా పెంచుతారు కాబట్టే తెల్లగా ఉంటుంది. కోత ఆనవాయితీగా జూన్ 24తో ముగుస్తుంది. ఆ తర్వాత మొక్కను పెరగనిస్తేనే వచ్చే ఏడాదికి వేరులో బలం ఉంటుంది. తొక్క తీసి, చిన్న ముక్కలుగా తరిగి, శనగపప్పు వేసి కూర చేసి చూడండి.

నాలుగో దారి: రైన్ దాటి స్పైయర్ (20 కిలోమీటర్లు)

పూటంతా చేతిలో పెట్టుకుని బయల్దేరండి. రైలింగెన్ మీదుగా, కార్ల పందేల ట్రాక్ ఉన్న హోకెన్‌హైమ్ దాటి, పొలాల మధ్యగా రైన్ వంతెన దాకా వెళ్లాలి. చదునే కానీ ఎదురుగాలి ఉంటే కాళ్లు పట్టేస్తాయి. వంతెన మీద ఒక్క నిమిషం ఆగి కింద సరుకు పడవలు వెళ్లడం చూడండి. ఏటి ఒడ్డున పెరిగినవాళ్లు అక్కడి నుంచి త్వరగా కదలరు. నది దాటితే వేరే రాష్ట్రం. ఎదురుగా దాదాపు 1030లో మొదలుపెట్టిన ఎర్రరాతి కెథడ్రల్ కనిపిస్తుంది. 1981 నుంచి అది యునెస్కో వారసత్వ సంపద. పిల్లలు వెంట ఉంటే మ్యూజియంలో స్తంభాల మీద నిలబెట్టిన బోయింగ్ 747 విమానం ఎక్కించండి.

తిరిగి తొక్కే ఓపిక లేకపోతే స్పైయర్ నుంచి మన్‌హైమ్, హైడెల్‌బెర్గ్ మీదుగా వీస్లోఖ్-వాల్డార్ఫ్ స్టేషనుకు ఎస్-బాన్ రైల్లో రావచ్చు. రైల్లో సైకిలుకు ఏ వేళల్లో విడిగా టికెట్ కావాలో బయల్దేరే ముందే చూసుకోండి. ఉదయం ఆఫీసు రద్దీ వేళ వద్దు.

మర్చిపోకూడని నియమాలు

నీలి వృత్తంలో తెల్ల సైకిలు బొమ్మ ఉంటే ఆ బాట మీదే వెళ్లాలి, కార్ల రోడ్డు మీదికి వెళ్లకూడదు. బోర్డు, సిగ్నలు లేని కూడలిలో కుడివైపు నుంచి వచ్చేవాళ్లకే మొదటి హక్కు. మన దగ్గర హారన్ కొట్టి దూసుకుపోయే అలవాటు ఉంటుంది కాబట్టి దీన్ని గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. తొక్కుతూ ఫోను పట్టుకుంటే 55 యూరోల జరిమానా. ముందూ వెనకా లైట్లు, గంట తప్పనిసరి. హెల్మెట్ చట్టం అడగదు, కానీ పెట్టుకోండి.

8 ఏళ్లు నిండని పిల్లలు కాలిబాట మీద తొక్కాలి, లేదా కాలిబాటకు ఆనుకుని కార్ల రోడ్డు నుంచి విడిగా ఉన్న సైకిలు బాట మీద. 10 ఏళ్ల దాకా కాలిబాట మీద తొక్కొచ్చు. చిన్నపిల్లల వెంట ఒక పెద్ద మనిషి కాలిబాట మీదే తొక్కుకుంటూ వెళ్లొచ్చు. నాలుగో తరగతిలో బడిలోనే పోలీసులు సైకిలు శిక్షణ ఇచ్చి పరీక్ష పెడతారు. అప్పటికి పిల్లలకు తొక్కడం వచ్చి ఉంటే మిగతావాళ్ల ముందు చిన్నబోరు.

మీ సైకిలు ఎవరి కారుకో గీత పెడితే ఖర్చు మీదే. ఇక్కడ చాలామంది తీసుకునే వ్యక్తిగత బాధ్యతా బీమా, అంటే హాఫ్ట్‌ఫ్లిష్ట్, మామూలుగా దాన్ని భరిస్తుంది. మీకు అది ఉందో లేదో ఇవాళే చూసుకోండి. గంటకు 25 కిలోమీటర్ల దాకా మాత్రమే సాయం చేసే ఎలక్ట్రిక్ సైకిలుకు లైసెన్సు అక్కర్లేదు. 45 దాకా వెళ్లేదానికి కావాలి, దానికి నంబరు ప్లేటు కూడా ఉండాలి.

అత్తమామలో, అమ్మానాన్నలో వేసవికి వస్తే వాళ్లకూ ఒక సైకిలు చూసిపెట్టండి. ఊళ్లో పాతికేళ్లు సైకిలు మీదే బడికి వెళ్లి పాఠాలు చెప్పొచ్చిన మాస్టర్లు, పొలానికి వెళ్లొచ్చిన రైతులు వాళ్లలో ఎందరో. ఇక్కడికొచ్చి సోఫాలో మూడు నెలలు గడపాల్సిన అవసరం వాళ్లకు లేదు. మొదటి ఆదివారం సాండ్‌హౌజెన్ దాకా మీరు వెంట వెళ్లండి, రెండో వారం నుంచి వాళ్లే వెళతారు. జేబులో ఇంటి చిరునామా రాసిన కాగితం, ఛార్జింగ్ ఉన్న ఫోను, ఒక నీళ్ల సీసా మాత్రం పెట్టి పంపండి.