అగ్గిపుల్లలు నేర్పిన యుద్ధవిద్య

పిల్లలూ! ఆకాశంలో ఒక విమానాన్ని శత్రువిమానం వెనుకనుంచి తరుముకు వస్తున్నది. ముందున్న పైలటు ఏం చేయాలి? "వేగం పెంచి పారిపోవాలి" అంటారు మీలో చాలామంది. కంప్యూటరు సిమ్యులేటరులో విమానయుద్ధం ఆడే పిల్లలు మొదట చేసే పని ఇదే; మొదట ఓడిపోయేదీ ఇందువల్లనే. తిన్నగా పారిపోయే విమానం వెనుకవాడి తుపాకికి తిన్నగా గురి అవుతుంది.

తరిమి పట్టుకునే ఆటలో మీరు చూసే ఉంటారు. పట్టుకునేవాడు వేగంగా వస్తున్నప్పుడు మీరు చటుక్కున మలుపు తిరిగితే, వాడు ఆగలేక ముందుకు దూసుకుపోతాడు. విమానానికీ ఇదే సూత్రం. తిరిగే బలం ఒకటే అయినప్పుడు, వేగం రెట్టింపయితే మలుపు వ్యాసార్ధం నాలుగు రెట్లవుతుంది. అందుచేత వెనుకనుంచి వచ్చే శత్రువుకు దూరంగా కాక, అతడున్న వైపుకే గట్టిగా తిరగాలి. అప్పుడతనికి గురి కుదరదు. మరీ వేగంగా వస్తే మలుపు దాటి బయటికి పోతాడు.

అయితే శత్రువు విమానం మన విమానం కంటే చిన్న మలుపు తిరగగలిగితే ఎలా?

1941లో అమెరికా నౌకాదళంలోని జాన్ థాచ్ అనే పైలటుకు సరిగ్గా ఈ చిక్కే వచ్చింది. జపానువారి జీరో విమానం చాలా చురుకైనదని ఆయనకు తెలిసింది. అమెరికావారి వైల్డ్‌క్యాట్ విమానం గట్టిదే కాని, పైకెగరడంలోను, మలుపులోను జీరోకు సాటి రాదు. థాచ్ రాత్రిపూట ఇంట్లో బల్లమీద అగ్గిపుల్లలు పేర్చి, వాటినే విమానాలనుకుని, అటూ ఇటూ జరుపుతూ ఆలోచించాడు. చివరకు ఉపాయం దొరికింది.

మీరూ చేసి చూడండి. కాల్చి ఆర్పిన పుల్లలు మూడు తీసుకోండి. రెండింటిని జానెడు దూరంలో పక్కపక్కన ఉంచండి. ఇవి స్నేహితులు. మూడవది శత్రువు, దానిని ఎడమ పుల్ల వెనుక పెట్టండి. ఇప్పుడు స్నేహితులిద్దరినీ ఒకరివైపు ఒకరిని తిప్పండి. ఎడమదానిని వెంబడించే శత్రువు, కుడిదాని తుపాకి ఎదుటికే వచ్చి పడతాడు! వెంబడించడం మానితే ఎడమవాడు బతికిపోతాడు. ఇందులో రేడియోలో కేకవేసే పని కూడా లేదు. స్నేహితుడు తనవైపు తిరగడమే "నీ వెనుక శత్రువున్నాడు" అనే హెచ్చరిక. విమానాలు పోగుల్లాగా అటూ ఇటూ దాటుతాయి గనుక, దీనికి "థాచ్ నేత" అనే అర్థంలో థాచ్ వీవ్ అని పేరు వచ్చింది.

బల్లమీద కుదిరినంత మాత్రాన థాచ్ తృప్తిపడలేదు. ఎడ్వర్డ్ ఓహేర్ అనే మరో పైలటును నాలుగు విమానాలతో తనమీద దాడి చేయమన్నాడు. ఓహేర్ జట్టుకు ఇంజను పూర్తి బలం వాడుకునే వీలిచ్చి, తన నాలుగు విమానాలకు మాత్రం ఆ బలం తగ్గించుకున్నాడు. బలమైన శత్రువుతో పోరాడవలసి ఉండగా, సమానమైన వాడితో సాధన చేసి లాభమేమిటి? ఓహేర్ ఎటునుంచి వచ్చినా, ఏదో ఒక విమానం ముక్కు తనవైపే తిరిగి కనిపించింది.

1942 జూన్ 4న మిడ్‌వే యుద్ధంలో ఈ విద్యకు అసలు పరీక్ష జరిగింది. 12 టార్పెడో విమానాలకు కాపలాగా థాచ్ ఆరు వైల్డ్‌క్యాట్‌లతో బయలుదేరాడు. జీరోలు అంతకు ఎన్నో రెట్లు వచ్చి పడ్డాయి. ఒక వైల్డ్‌క్యాట్ మొదట్లోనే కూలింది. థాచ్ తన నేతను అమలుపెట్టాడు. మిగిలిన అయిదుగురు పైలట్లూ ప్రాణాలతో తిరిగి వచ్చారు. కాని ఆ 12 టార్పెడో విమానాలలో ఒక్కటీ ఓడకు చేరలేదు. ఎంత మంచి ఉపాయమైనా అందరినీ కాపాడలేదని దీనివల్ల తెలుస్తున్నది.

సిమ్యులేటరు ముందు కూర్చునేవారు ఈ కథనుంచి నాలుగు సంగతులు నేర్చుకోవచ్చు. మాటిమాటికీ వెనక్కు చూస్తూ ఉండాలి. కనబడని శత్రువునుంచి తప్పించుకోలేము. శత్రువు దగ్గరపడే సమయానికి అతని వైపు తిరగాలి. గట్టి మలుపు వేగాన్ని తినివేస్తుంది గనుక, ప్రమాదం తప్పగానే మళ్ళీ వేగం కూడగట్టుకోవాలి. వీలైతే తోడుతో ఎగరాలి, ఆ తోడును కనిపెట్టుకుని ఉండాలి.

ఒక్కటి మాత్రం సిమ్యులేటరు కుర్చీ చూపలేదు. గట్టి మలుపులో శరీరపు బరువు అయిదు రెట్లయితే, 40 కిలోల పిల్లవాడు 200 కిలోలు తూగినట్టుంటాడు. రక్తం తలనుంచి కాళ్ళవైపు దిగి, చూపు మసకబారుతుంది. ఆటలో ఓడితే మీట నొక్కి మళ్ళీ మొదలుపెట్టవచ్చు; నిజమైన పైలటుకు ఆ అవకాశం లేదు. అందుకే అతడు తప్పులన్నీ నేలమీదనే చేసి, దిద్దుకుని, ఆ తరువాత ఆకాశానికి వెళతాడు.

తల్లిదండ్రులు కూడా ఒక సాయంత్రం పిల్లలతో కూర్చుని ఆ మూడు పుల్లలూ జరిపి చూడవచ్చు. శత్రువు పుల్ల పెద్దవారు పట్టుకుంటే పిల్లలకు సాధన బాగా కుదురుతుంది.