చల్లటి సముద్రంలో పడితే.. మొదటి నిమిషమే కీలకం! సెయిలింగ్ బోట్లలో ప్రాణం కాపాడేవి ఇవే

నడి సముద్రంలో పడవ మీద నుంచి పడిపోయాడు. చుట్టూ ఎత్తైన అలలు, ఎముకలు కొరికే చల్లటి నీళ్లు. అయినా 90 నిమిషాల తర్వాత ప్రాణాలతో దొరికాడు. 2014లో ఉత్తర పసిఫిక్‌లో జరిగిన ఘటన ఇది. క్లిప్పర్ రేస్‌లో తెరచాప మారుస్తుండగా బ్రిటన్‌కు చెందిన ఆండ్రూ టేలర్ నీళ్లలో పడ్డాడు. కాసేపటికే పడవలోని వాళ్లకు కనిపించకుండా పోయాడు. మరి ఎలా బతికాడు? అదృష్టం ఒక్కటే కాదు. ఒంటి మీదున్న డ్రై సూట్, లైఫ్ జాకెట్, ఎక్కడున్నాడో పడవకు చెప్పిన ఏఐఎస్ పరికరం.. ఈ మూడూ అతన్ని నిలబెట్టాయి.

1-10-1 అంటే ఏంటి?

చల్లటి నీళ్లలో పడితే గడ్డకట్టి చనిపోతారని చాలామంది అనుకుంటారు. కానీ అంతకంటే ముందే ప్రాణం పోయే ప్రమాదం ఉంది. కెనడా ప్రొఫెసర్ గోర్డన్ గీస్‌బ్రెక్ట్ దీన్ని 1-10-1 అనే సూత్రంతో చెప్పారు.

మొదటి 1 నిమిషం: చలి దెబ్బకు ఒక్కసారిగా ఊపిరి ఎగపోస్తుంది. ఆ సమయంలో తల నీళ్లలో ఉంటే ఊపిరితిత్తుల్లోకి నీరు వెళ్లిపోతుంది. కాబట్టి ఈత కొట్టకూడదు. ముఖం పైకి పెట్టి తేలుతూ శ్వాస అదుపులోకి తెచ్చుకోవాలి.

తర్వాతి 10 నిమిషాలు: చేతులు, కాళ్లు పని చేసేది ఇంతవరకే. ఆ తర్వాత విసిరిన తాడును కూడా గట్టిగా పట్టుకోలేరు. మంచి ఈతగాళ్లదీ ఇదే పరిస్థితి.

1 గంట: శరీర వేడి పడిపోయి స్పృహ తప్పడానికి దాదాపు ఇంత సమయం పడుతుంది. కానీ లైఫ్ జాకెట్ లేకపోతే చాలామంది అంతదాకా తేలుతూ ఉండలేరు.

పడవలో ఉన్నవాళ్లు ఏం చేయాలి?

6 నాట్ల వేగంతో వెళ్తున్న పడవ సెకనుకు 3 మీటర్లు దూరం జరుగుతుంది. అంటే నిమిషంలో 180 మీటర్లకు పైనే! అంత దూరంలో అలల మధ్య మనిషి తల కొబ్బరికాయంత కూడా కనిపించదు. అందుకే..

* ‘మ్యాన్ ఓవర్‌బోర్డ్’ అని గట్టిగా అరవాలి. ఒకరు మాత్రం వేరే ఏ పనీ చేయకుండా, పడిన మనిషి వైపే వేలు చూపిస్తూ చూపు తిప్పకుండా ఉండాలి.
* తేలే రింగు వెంటనే విసరాలి. జీపీఎస్‌లో ఎంఓబీ బటన్ నొక్కాలి. వీహెచ్ఎఫ్ రేడియోలో ‘మేడే’ చెప్పాలి.
* పడవను వెంటనే ఆపాలి. ఇంజిన్ స్టార్ట్ చేసే ముందు నీళ్లలో తాళ్లు వేలాడుతున్నాయేమో చూడాలి. ఫ్యాన్‌కు తాడు చుట్టుకుంటే అంతే సంగతులు.
* మనిషి దగ్గరికి చేరగానే ఇంజిన్ న్యూట్రల్‌లో పెట్టాలి.

అసలు కష్టం పైకి లాగడమే

తడిసిన బట్టలతో, సత్తువ లేని మనిషిని చేతులతో ఎత్తడం దాదాపు అసాధ్యం. తెరచాప ఎత్తే తాడు, వించ్ వాడాలి. వీలైతే పడుకున్నట్టుగానే పైకి తేవాలి. చాలాసేపు నీళ్లలో ఉన్నవాళ్లను నిలువుగా లాగితే రక్తపోటు ఒక్కసారిగా పడిపోయి గుండె ఆగే ముప్పుంది. పైకి తెచ్చాక నడిపించొద్దు, ఒళ్లు రుద్దొద్దు, మద్యం అసలే ఇవ్వొద్దు. తడి బట్టలు తీసేసి, దుప్పట్లు చుట్టి పడుకోబెట్టాలి. శ్వాస గమనిస్తూ వైద్య సాయం కోరాలి.

అన్నీ ఉన్నా ఒక్క కొక్కెం..

2017 నవంబర్‌లో ఇదే రేస్‌లో సైమన్ స్పీర్స్ అనే నావికుడు దక్షిణ మహాసముద్రంలో పడిపోయాడు. లైఫ్ జాకెట్ ఉంది, పడవకు కట్టుకున్న తాడూ ఉంది. కానీ తాడు చివరి కొక్కెం డెక్ మీది క్లీట్ కింద ఇరుక్కుంది. పక్క నుంచి బలం పడటంతో అది వంగి ఊడిపోయిందని బ్రిటన్ సముద్ర ప్రమాదాల దర్యాప్తు విభాగం తేల్చింది. సహచరులు అతన్ని పైకి తెచ్చినా ప్రాణం దక్కలేదు. సామాను ఉండటం ఒక్కటే సరిపోదు, దాన్ని ఎక్కడ ఎలా తగిలించామన్నదీ చూసుకోవాలని ఈ ఘటన చెబుతోంది. అసలు పడకుండా ఉండేలా తాడు పొట్టిగా ఉంచుకోవడం ఇంకా మేలు.

విదేశాల్లో ఉన్నవాళ్లూ.. జాగ్రత్త!

ఇది రేసులకే పరిమితం కాదు. అమెరికా, కెనడా, బ్రిటన్‌లలో వసంతకాలంలో బయట ఎండ కాస్తున్నా సరస్సుల్లో నీళ్లు బాగా చల్లగానే ఉంటాయి. అక్కడ చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న తెలుగువారు బోటింగ్‌కు వెళ్తే లైఫ్ జాకెట్ సీటు కింద పెట్టుకోవద్దు. ఒడ్డు మీదే వేసుకోవాలి. నీళ్లలో పడ్డాక దాన్ని తొడుక్కుందామంటే చేతులు మాట వినవు.