తిండి మానేసిన మనిషికి ముద్ద పెట్టాలా, వద్దా? అపోహలు – వాస్తవాలు

అరకు చుట్టూ కొండల మీది ఊళ్లలో మనిషి మంచం పట్టి తిండి మానేస్తే ఇంట్లో రెండు మాటలు వినిపిస్తాయి. ‘డోలీ కట్టండి, విశాఖ తీసుకుపోదాం’ అని ఒకరు. ‘ఇంకెందుకు, ప్రశాంతంగా పోనివ్వండి’ అని మరొకరు. ఏ మాట న్యాయమో తేలాలంటే ముందు ఒక సంగతి తెలియాలి: ఈ మనిషి జబ్బు వల్ల తిండి మానేశాడా, చావు దగ్గరపడి మానేశాడా? ఈ రెండింటినీ కలిపేయడం వల్లే చాలా అపోహలు పుడుతున్నాయి.

అపోహ: తిండీ నీళ్లూ మానేశాడంటే ఇక అయిపోయినట్టే.

వాస్తవం: అన్నిటికంటే ప్రమాదకరమైన నమ్మకం ఇదే. ఏజెన్సీలో వానాకాలం మలేరియా కొత్త కాదు. అది మెదడుకు ఎక్కితే మనిషి మాట్లాడడు, తినడు, పిలిస్తే పలకడు. చూసేవాళ్లకు చావు దగ్గరపడినట్టే ఉంటుంది. సమయానికి మందు పడితే లేచి కూర్చునేవాళ్లు చాలామంది. విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గిపోయిన ముసలివాళ్లూ అంతే. మగతలోకి జారిపోతారు, నీళ్లు ఒంటికి అందితే తేరుకుంటారు. షుగర్ మాత్రలు వేసుకుంటూ తిండి తగ్గించిన మనిషికి రక్తంలో చక్కెర పడిపోయినా ఇదే తీరు. క్షయ ముదిరినవాళ్లకు ఆకలి చచ్చిపోతుంది, కానీ క్షయకు మందుంది. వీళ్లెవరికైనా నీళ్లు, తిండి అందకుండా చేస్తే దాన్ని ప్రశాంతమైన మరణం అనలేం. అది నిర్లక్ష్యం. వయసు డెబ్బై దాటినా నా మాట ఇదే. ముసలితనం జబ్బు నిర్ధారణ కాదు.

అపోహ: చివరి రోజుల్లో తినిపించకపోతే ఆకలితో మాడి చనిపోతాడు.

వాస్తవం: క్యాన్సర్ ముదిరి, లేదా గుండె, మూత్రపిండాలు పూర్తిగా చేతులెత్తేసి, ఇక బాగుచేసే దారి లేదని డాక్టర్ తేల్చాక పరిస్థితి వేరు. తినకపోవడం వల్ల అతను చనిపోవడం లేదు, చనిపోతున్నాడు కాబట్టి తినలేకపోతున్నాడు. పేగుల పని మందగిస్తుంది. ఒళ్లు తిండి అడగడం మానేస్తుంది. అమెరికాలో ఇలాంటి 32 మందిని దగ్గరుండి గమనించి 1994లో ప్రచురించిన అధ్యయనం ఒకటుంది. వారిలో 20 మందికి ఆకలి వేయనే లేదు, 11 మందికి మొదట్లో మాత్రమే వేసింది. ఉన్న కొద్దిపాటి ఆకలి, దాహం కూడా రెండు చెంచాల తిండితో, గుక్కెడు నీళ్లతో, పెదాలు తడపడంతో తీరాయి. నిజంగా బాధపెట్టేది నోరు ఎండిపోవడం. దానికి కావలసింది శుభ్రమైన తడిగుడ్డ, పెదాలకు కాస్త నూనె లేదా వెన్న, పక్కన కూర్చునే మనిషి.

బలవంతంగా పెట్టిన ముద్ద మాత్రం హాని చేస్తుంది. మింగే శక్తి పోయినవాళ్లకు పొలమారి తిండి ఊపిరితిత్తుల్లోకి పోతుంది, న్యుమోనియా వస్తుంది. చోడి అంబలి మంచిదే, కానీ పడుకోబెట్టి గొంతులో పోస్తే అదే ఊపిరాడకుండా చేస్తుంది.

అపోహ: కనీసం సెలైన్ ఎక్కిస్తే బలం వస్తుంది.

వాస్తవం: అర లీటరు గ్లూకోజు సీసాలో ఉండే చక్కెర 25 గ్రాములు. ఒక అరటిపండు ఇచ్చే శక్తికి అది మించదు. క్యాన్సర్ ముదిరిన 129 మంది మీద చేసిన ప్రయోగం ఫలితాలు 2013లో వచ్చాయి. రోజుకు లీటరు సెలైన్ ఎక్కించినవాళ్లకూ, నామమాత్రంగా 100 మిల్లీలీటర్లు ఎక్కించినవాళ్లకూ బాధల్లోగానీ బతికిన రోజుల్లోగానీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. పనిచేయని మూత్రపిండాల మీద ఆ నీటిని రుద్దితే కాళ్లు ఉబ్బుతాయి, ఆయాసం పెరుగుతుంది. విరేచనాల రోగికి ప్రాణం పోసే సీసాయే ఇక్కడ భారమవుతుంది. ఆ సీసా కోసం ఇల్లు అప్పుల పాలవడం నాకు అన్యాయంగా తోస్తుంది.

అపోహ: ప్రాణం పోయేటప్పుడు అందరూ నోట్లో నీళ్లు పోయాలి.

వాస్తవం: ఆచారాన్ని కాదనక్కర్లేదు. గ్లాసులు ఎత్తి పోయకుండా, తడివేలితో పెదవుల మీద ఒక్క చుక్క రాస్తే చాలు.

అపోహ: డాక్టర్ ‘ఇక లాభం లేదు’ అన్నాక తిండీ నీళ్లూ అడగనవసరం లేదు.

వాస్తవం: బ్రిటన్‌లో జరిగింది గుర్తుంచుకోవాలి. మరణశయ్య మీద ఉన్నవారి సంరక్షణ కోసం అక్కడి ఆసుపత్రులు ‘లివర్‌పూల్ కేర్ పాత్‌వే’ అనే పద్ధతి పాటించేవి. ఉద్దేశం మంచిదే. కొన్నిచోట్ల అది యాంత్రికంగా మారి, దాహంతో ఉన్నవాళ్లకూ నీళ్లు అందలేదని 2013లో విచారణ కమిటీ తేల్చింది, ఆ పద్ధతిని ఎత్తేశారు. అడిగిన మనిషికి గుక్కెడు నీళ్లు నిరాకరించే హక్కు ఏ డాక్టరుకూ, ఏ కొడుకుకూ లేదు. బలవంతం చేయకపోవడం వేరు, ఇవ్వకపోవడం వేరు.

అపోహ: గొట్టం ద్వారా తిండి ఆపడం మన దేశంలో హత్యే.

వాస్తవం: చట్టం అంత మొరటుగా లేదు. ముంబయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో 1973 నుంచి జీవచ్ఛవంలా ఉన్న నర్సు అరుణా షాన్‌బాగ్‌కు ఆహారం ఆపాలని రచయిత్రి పింకీ విరానీ వేసిన పిటిషన్‌ను సుప్రీంకోర్టు 2011 మార్చి 7న కొట్టేసింది. ఆమెను ఏళ్ల తరబడి సాకిన ఆసుపత్రి సిబ్బంది ఆమె బతకాలనే కోరారు, కోర్టు ఆ మాటకు విలువిచ్చింది. అదే తీర్పు, తగిన రక్షణలతో ప్రాణాధార చికిత్స ఆపడానికి దారి కూడా తెరిచింది. 2018లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ముందస్తు వీలునామాను, అంటే చివరి దశలో ఏ చికిత్స వద్దో మనిషి ముందే రాసిపెట్టుకునే పత్రాన్ని, గుర్తించింది. 2023లో పద్ధతి సులువైంది. వీలునామా నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ముందు రాయొచ్చు, చికిత్స ఆపాలంటే రెండు వైద్య మండళ్లు ఒప్పుకోవాలి. ప్రాణం తీయమని కోరడం మాత్రం వేరే సంగతి. 2004లో హైదరాబాద్‌లో కండరాల క్షీణతతో ఉన్న చదరంగం ఆటగాడు వెంకటేశ్, చనిపోకముందే తన అవయవాలు తీసుకోనివ్వమని కోరితే హైకోర్టు ఒప్పుకోలేదు.

ఇవన్నీ పెద్దాసుపత్రికి రాసిన నియమాలు. కొండ మీది ఇంట్లో వైద్య మండలి ఉండదు, నిర్ణయం ఇంటివాళ్లదే అవుతుంది. అందుకే ఒక విన్నపం. మనిషి తిండి మానేసి మంచం పడితే ‘పోనివ్వండి’ అనే ముందు ఒక్కసారి డాక్టర్‌కు చూపించండి. డాక్టర్ ఆలస్యమైతే ఆశా కార్యకర్తను పిలిచి మలేరియా రక్తపరీక్ష వెంటనే చేయించండి. ఆ కిట్ ఊళ్లోనే ఆమె దగ్గర ఉంటుంది, ఫలితం పావుగంట, ఇరవై నిమిషాల్లో తెలుస్తుంది.